చెక్‌పోస్టు దగ్గర ఏడు ఉదయాలు

నేను ఊదితే మిషను మీద నలభై ఆరు వచ్చింది. ముప్పై దాటితే కేసు. పదహారు ఎక్కువ. ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నవాణ్ణి కనుక ఆ తీసివేత నా ప్రమేయం లేకుండానే బుర్రలో జరిగిపోయింది. మిగతా విషయాలు అర్థం కావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

మాది సాలూరు. ఉద్యోగం అరకు లోయలో ఒక హైస్కూల్లో. నేనూ మా ఆవిడా అరకులోనే అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఆ జనవరి చివరి ఆదివారం మా బడిలో పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తండ్రి నన్ను భోజనానికి పిలిచాడు. వాళ్ల ఊళ్లో కంది కొత్తల పండుగ. కొత్త కందులు ఊరి దేవతకు పెట్టాకే ఇళ్లల్లో వండుకుంటారు. అప్పటిదాకా చేను నిండా కాయ ఉన్నా ఒక్కరూ నోట్లో వేసుకోరు.

ఆయనకు కొండవాలులో కాసింత కాఫీ తోట, నీడచెట్లకు పాకించిన మిరియాల తీగలు, కింద సామ, చోడి అనే రాగులు పండే పొలం చెక్క ఉన్నాయి. మాట తక్కువ మనిషి. బడిలో తల్లిదండ్రుల సమావేశం పెడితే తప్పకుండా వచ్చేవాడు. వెనక బల్ల మీద కూర్చుని, అందరూ వెళ్లిపోయాక నా దగ్గరకొచ్చి ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవాడు, వాళ్ల గుంటకు, అంటే ఆ పిల్లకు, లెక్కలు వస్తున్నాయా లేదా అని. వస్తున్నాయని చెబితే తల ఊపి వెళ్లిపోయేవాడు. ఆ అమ్మాయికి నిజంగానే లెక్కలు వచ్చు.

ఆ రోజు గుమ్మడికాయ ముక్కలు వేసి వండిన కందులు, సామలన్నం, నాటుకోడి కూర పెట్టారు. అన్నానికి ముందు జీలుగు కల్లు. ఆయన తెల్లవారుజామున చెట్టెక్కి దింపిన కల్లు అది. పొద్దున తియ్యగా ఉండేది ఎండ ఎక్కేసరికి పులుపు తిరుగుతుంది. సొరకాయ బుర్రతో ముంచి ఆకుడొప్పల్లో పోస్తూ ఉన్నారు, నేను తాగుతూ ఉన్నాను. మూడో నాలుగో డొప్పలు. ఎవరూ బలవంతపెట్టలేదు. కాదంటే నొచ్చుకుంటారని తాగానని తర్వాత కోర్టులో చెబుదామనుకున్నాను గాని, అది నిజం కాదు. నాకు ఇష్టమై తాగాను.

భోజనమయ్యాక బండెక్కాను. వాళ్ల ఊరి నుంచి అరకు వచ్చే దారిలో ఘాట్ రోడ్డు మీద ఒక చెక్‌పోస్టు ఉంది. గంజాయి బళ్ల కోసం పెట్టింది. పర్యాటకుల కార్లు లోయల్లో పడడం ఎక్కువయ్యాక అక్కడే ఊదించడం కూడా మొదలుపెట్టారు. ఆ సంగతి నాకు తెలుసు. అయితే ఊదించడమనేది విశాఖపట్నం నుంచి వచ్చే కుర్రాళ్ల కోసమని నా ఉద్దేశం. కల్లు తాగిన మాస్టారి కోసం కాదు.

అక్కడ డ్యూటీలో ఉన్నది హెడ్‌కానిస్టేబుల్, నలభై దాటిన ఆవిడ. ఆవిడ పిల్లలిద్దరూ మా బడిలో చదివి వెళ్లినవాళ్లే. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. తర్వాత ప్లాస్టిక్ కవరు నా కళ్లముందే చింపి, కొత్త పైపు అని చూపించి, మిషనుకు తగిలించి నోటి దగ్గర పెట్టింది.

"గట్టిగా ఊదండి మేష్టారూ. ఇంకా. ఇంకా. ఆపకండి."

మిషను కూత పెట్టి ఆగింది. బస్సు టికెట్టులాంటి చీటీ బయటికి వచ్చింది. అందులో నా పేరు తప్పుగా పడింది. జేబులోంచి పెన్ను తీసి ఒత్తు సరిదిద్ది సంతకం చేశాను. అలవాటు. ఆవిడ ఆ దిద్దుబాటు వంక ఒక క్షణం చూసి, ఏమీ అనకుండా చీటీ రెండో ప్రతి నాకిచ్చింది. బండి అక్కడే ఉంచేశారు. వెనక వచ్చిన సర్వీసు జీపులో, కూరగాయల గంపల మధ్య కూర్చుని ఇంటికొచ్చాను.

జరిగింది మా ఆవిడకు చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఒక్కటే అడిగింది.

"బడి పిల్లలెవరైనా సూసారేటి?"

చూశారు. సోమవారం ప్రార్థన వేళకే బడంతా తెలిసిపోయింది. వారం కిందటే రోడ్డు భద్రతా వారోత్సవాలని ఆ పిల్లలందరి చేత నేనే ప్రతిజ్ఞ చేయించాను. తాగి బండి నడపను, నడపనివ్వను అని. నల్లబల్ల మీద పైవరసలో నేను రాసిన ఆ వాక్యం ఇంకా చెరపలేదు. తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లి పుస్తకం తెరిచేలోగా చెరిపేశాను. పిల్లలు నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత తేలిగ్గా ఉండేది. హెడ్‌మాస్టారు మెమో ఇచ్చారు. ఆ ఏడాది పరీక్షల డ్యూటీకి నా పేరు వెయ్యలేదు.

కోర్టులో మేజిస్ట్రేటు నేనేం చేస్తానని అడిగారు. చెప్పాను. ఏ సబ్జెక్టు అని అడిగారు. అదీ చెప్పాను. ఆయన కాగితం మీంచి తల ఎత్తకుండా జరిమానా వేసి, దానితోపాటు ఏడు రోజులు ఉదయం ఏడు నుంచి పది వరకు అదే చెక్‌పోస్టు దగ్గర పోలీసులకు సాయంగా నిలబడమన్నారు. లైసెన్సు మూడు నెలలు పక్కన పెట్టారు.

కాగితాలన్నీ తిరిగి ఆ ఏడు రోజులు వచ్చేసరికి మార్చి నెల అయింది. పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి.

నాకు ఇచ్చిన పని చిన్నదే. బళ్లు ఆగాక పైపు కవర్లు చింపి అందించడం, వాడిన పైపులు డబ్బాలో వెయ్యడం, చీటీల మీద సంతకాలు ఎక్కడ పెట్టాలో చూపించడం. మొదటి రోజు తల వంచుకుని చేశాను. రెండో రోజు నుంచి చూడడం మొదలుపెట్టాను.

ఊదమంటే పీల్చేవాళ్లు ఉన్నారు. బుగ్గలు పొంగించి, గాలి ముక్కుతో వదిలేవాళ్లు ఉన్నారు. వాసన తెలియకూడదని జామాకులు నములుతూ వచ్చినాయన పళ్ల నిండా ఆకుపచ్చ. రాత్రి తాగాను గాని పొద్దున కాదు అనేవాళ్లే ఎక్కువ. వాళ్లకు మిషనులో అంకె వచ్చినప్పుడు కలిగే ఆశ్చర్యం నటన కాదు. నిద్రపోతే దిగిపోతుందని నిజంగానే నమ్మినవాళ్లు. హెడ్‌కానిస్టేబుల్ అందరితోనూ ఒకే గొంతుతో, ఒకే మాటలు చెప్పేది. పెద్ద కారులో వచ్చినవాడికీ, పాత మోపెడ్ మీద వచ్చినవాడికీ అదే "ఇంకా, ఇంకా, ఆపకండి". ఆ మాటలు నాకు నిద్రలో కూడా వినబడేవి.

మూడో రోజు ఒక ముసలాయన, భుజాన కావడితో సంతకు నడిచి వెళ్తున్నవాడు, ఆగి చాలాసేపు చూశాడు. తనక్కూడా ఊదించమని అడిగాడు. బండి లేనివాళ్లకు అక్కరలేదని చెప్పినా కదల్లేదు. ఆవిడ చివరికి పైపు మార్చి ఊదించింది. యాభై చిల్లర వచ్చింది. అది ఎక్కువా తక్కువా అని ఆయన అడిగాడు. ఎక్కువే, అయినా నడిచేవాళ్లకు కేసు లేదని ఆవిడ చెప్పింది. ఆయన సంతోషంగా కావడి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

రద్దీ పెరిగినప్పుడు ఇంకో పని కూడా నా మీద పడింది. ఆడవాళ్లు, పిల్లలు ఉన్న బళ్లను అక్కడ చాలావరకు ఊదించకుండా వదిలేసేవారు. అలా వదలాలని ఎక్కడా రాసి లేదు. పద్ధతి అలా నడిచిపోతోంది. అలాంటి బండి వస్తే ఎడమ పక్క నుంచి పొమ్మని చెయ్యి ఊపడం నా వంతు. సంసారంతో వచ్చేవాడు తాగి ఉండడని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

ఐదో రోజు లెక్కల పరీక్ష. తొమ్మిదిన్నరకు మొదలు. మా పిల్లలకు సెంటరు అరకులో పడింది. బస్సు ఎనిమిదింటికే వెళ్లిపోయింది. అందులో మా తరగతి వాళ్లు కిటికీల్లోంచి నన్ను చూసి, చెయ్యి ఊపాలో వద్దో తేల్చుకోలేక ఊరుకున్నారు. ఎనిమిదీ ఇరవైకి ఒక పాత బండి వచ్చి నా ముందు ఆగింది. నడుపుతున్నది కంది కొత్తలకు నన్ను పిలిచిన రైతు. వెనక ఆయన కూతురు. ఒళ్లో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన ప్లాస్టిక్ కవరులో హాల్ టికెట్టు.

హెడ్‌కానిస్టేబుల్ పాతిక అడుగుల దూరంలో ఒక టూరిస్టు వ్యానుతో వాదనలో ఉంది. ఆయన ఇంకా మాట్లాడకముందే నాకు వాసన తెలిసింది. పొద్దుటి కల్లు. బండి ఆగినా ఆయన రెండు కాళ్లూ నేల మీద సరిగ్గా ఆనలేదు. ఒక కాలు వెతుక్కుంది.

"మేష్టారూ, గుంటకి పరీచ్చ. బస్సు తప్పిపోనాది. బేగి ఎల్లాలి," అన్నాడు. కాస్త ఆగి, "మీరే కదా ఉన్నారు. ఒగ్గీండి," అన్నాడు, వదిలెయ్యమని.

అక్కడి నుంచి అరకు పొలిమేర దాకా పదకొండు మలుపులు. వాటిలో నాలుగింటికి గోడ లేదు. ఈ లెక్క నాకు తెలుసు. పరీక్షకు గంటా పది నిమిషాలు ఉంది. అదీ తెలుసు. ఆ పిల్ల ఆ ఏడు మా బడిలో లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకునే పిల్ల. ఆయన ఇంట నేను తిన్నాను, ఆయన దింపిన కల్లే తాగి ఇక్కడ నిలబడ్డాను. నేను పట్టించి ఆయన్ను ఇక్కడ ఆపేస్తే ఊరు ఏమంటుందో కూడా ఆ కాసేపట్లోనే అనుకున్నాను. ఇవన్నీ తలలో తిరుగుతుండగానే నా కుడిచెయ్యి పైకి లేచింది, ఎడమ పక్క నుంచి పొమ్మని చెప్పడానికి.

అప్పుడు ఆ అమ్మాయి బండి దిగింది.

దిగి, అట్టను గుండెలకు ఆనించి పట్టుకుని, తండ్రి వంక చూడకుండా నాతో చెప్పింది. "సార్, అయ్య చేత ఊదించండి."

గొంతు పెద్దది చెయ్యలేదు. క్లాసులో సందేహం అడిగే గొంతే. ఆయనకు మొదట అర్థం కాలేదు. "ఏటే?" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పలేదు. దిగిన చోటే నిలబడింది. నా చెయ్యి ఎప్పుడు దించానో నాకు గుర్తు లేదు. హెడ్‌కానిస్టేబుల్‌ను పిలిచాను. అది మాత్రం నేనే చేశాను.

ఆవిడ వచ్చి, ముగ్గురి ముఖాలూ చూసి, నన్ను పైపు అడిగింది. కవరు చింపి అందించాను. ఆయన మొండికెయ్యలేదు. ఊదాడు. అరవై రెండు.

"ఇది సారా కాదమ్మా, కల్లు," అన్నాడాయన. "పొద్దున్నే తాగీదే. మా తాతల కాడ్నించీ తాగతన్నాం."

"మా అయ్యా తాగుతాడు," అంది ఆవిడ చీటీ చింపుతూ. ఆవిడదీ ఆ కొండల్లో ఊరే. "తాగి బండెక్కడు."

బండి తాళం తీసుకుంది. ఆయన సంతకం పెట్టాడు, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం. అది అయ్యేదాకా అమ్మాయి రోడ్డు అవతలకు చూస్తూ నిలబడింది. ఎందుకు ఊదించమన్నావని ఆమెను ఎవరూ అడగలేదు. హెడ్‌కానిస్టేబుల్ మంచినీళ్ల సీసా అందించినప్పుడు అమ్మాయి తనంతట తానే చెప్పింది.

"ఎనిమిదిలో ఉన్నప్పుడు ఓపాలి ఆరో మలుపు కాడ పడేసినాడు. ఆవు అడ్డొచ్చిందని అందరికీ సెప్పినాం."

ఆ ఏడు ఆమె ఎడమచేతికి పిండికట్టుతో నెలరోజులు బడికి రావడం నాకు గుర్తుంది. ఆవు సంగతి నాకూ చెప్పారు. నేను నమ్మాను. జామెట్రీ బాక్సు పక్కపిల్ల చేత పట్టించాను. అంతకుమించి అడగలేదు. తండ్రి ఆ మాట విని తల తిప్పుకున్నాడు.

ఎనిమిదీ ముప్పై ఐదు అయింది. అరకు వైపు కాఫీ బస్తాలతో ఒక జీపు వచ్చింది. హెడ్‌కానిస్టేబుల్ దాన్ని ఆపి, ముందు డ్రైవరు చేత ఊదించింది. సున్నా. అప్పుడు అమ్మాయిని ముందు సీట్లో ఎక్కించి, సెంటరు గేటు దగ్గరే దింపాలని అతనికి గట్టిగా చెప్పింది. నేనూ తోడు వెళ్తానన్నాను. నా టైము పదింటి దాకా ఉందని గుర్తుచేసింది. అందులో కోపం ఏమీ లేదు.

జీపు కదలబోతుంటే అమ్మాయి కిటికీలోంచి తల బయటికి పెట్టింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను.

"సార్, గోళం ఘనపరిమాణం నాలుగు బై మూడే కదా?"

"అవును. నాలుగు బై మూడు పై ఆర్ క్యూబ్."

తల ఊపి వెనక్కి కూర్చుంది. జీపు మలుపు తిరిగింది.

తర్వాత గంటసేపు ఆయనా నేనూ చెక్‌పోస్టు పక్కన కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. మధ్యమధ్య లేచి పైపులు అందించి మళ్లీ వచ్చి కూర్చునేవాణ్ణి. వెళ్లిపోవచ్చని ఆయనకు చెప్పారు గాని వెళ్లలేదు. కింద లోయలో వెలిశల పంట కోసేసిన మళ్లు ఎండిపోయి ఉన్నాయి. చాలాసేపటికి ఆయన అడిగాడు.

"మీకెంత వొచ్చింది మేష్టారూ, ఆ రోజు?"

"నలభై ఆరు."

ఆలోచించాడు. "ఒకే సెట్టు కల్లు," అన్నాడు. తర్వాత, "గుంటకి నానంటే బయ్యమని నాకు తెలీదు," అన్నాడు. ఎండ పెరిగాక లేచి, ఊరి దారి పట్టి నడిచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నాకు ఒక భయం పట్టుకుంది. ఇంటికెళ్లాక ఆ పిల్లను కొడతాడేమో. మర్నాడు పరీక్ష లేదు. చెక్‌పోస్టు పని అయ్యాక బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. అమ్మాయి అరుగు మీద కూర్చుని సైన్సు పుస్తకం చదువుకుంటోంది. ఆయన లోపల ఉన్నాడు గాని బయటికి రాలేదు. తల్లి వచ్చి, నిన్నటి నుంచి ఆయన కూతురితో మాట్లాడడం లేదని, కొట్టలేదు తిట్టలేదు, ఊరికే ఉన్నాడని చెప్పింది. ఆ ఊరుకోవడం పిల్లకు కష్టంగా ఉందని కూడా చెప్పింది. పరీక్ష ఎలా రాశావని అడిగాను. చివరి లెక్క తప్ప అన్నీ చేశానంది.

మిగతా పరీక్షలకు ఆమె బస్సులోనే వెళ్లింది. నా ఆఖరి రోజు, అంటే ఏడో ఉదయం, ఆ బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆగినప్పుడు కిటికీ పక్కన ఆమె, ఆ పక్క సీట్లో తండ్రి కనిపించారు. ఇంటి నుంచి రోడ్డు దాకా రెండు కిలోమీటర్లు తోడు నడిచి, సెంటరు దాకా వచ్చి, పరీక్ష అయ్యేదాకా గేటు బయట కూర్చున్నాడని తర్వాత పిల్లలు చెప్పారు. మాట్లాడుకున్నారో లేదో తెలియదు.

ఆమెకు లెక్కల్లో తొంభై నాలుగు వచ్చింది. ఆయన కోర్టుకు వెళ్లాడు, నాలాగే జరిమానా కట్టాడు, బండి తెచ్చుకున్నాడు. కల్లు మానేశాడని రాయడానికి లేదు. చెట్టు ఇంకా ఆయనే ఎక్కుతాడు. అయితే పొద్దున పూట బండి పాకలోనే ఉంటోందని, ఎక్కడికైనా వెళ్లాలంటే సాయంత్రం దాకా ఆగుతున్నాడని ఊళ్లోవాళ్లు అన్నారు. నేనూ మానలేదు. తాగిన రోజు బండి తాళం మా ఆవిడ దగ్గర ఉంటుంది. ఆ ఏర్పాటు ఆవిడదే. హెడ్‌కానిస్టేబుల్‌కు సీలేరు బదిలీ అయింది. వెళ్లేముందు ఒకసారి బడికి వచ్చి, ఆ అమ్మాయి ఏ కాలేజీలో చేరిందో కనుక్కుని వెళ్లింది.

చేరింది సాలూరులో, ఇంటర్మీడియట్‌లో. దసరా సెలవులకు ముందు ఏదో సర్టిఫికెట్టు కోసం బడికి వచ్చింది. ఆఫీసు గదిలో మేమిద్దరమే ఉన్నాం. నెలల తరబడి నన్ను వదలని ప్రశ్న ఒకటి ఉంది. ఆ రోజు మీ బండిని పొమ్మని నేను చెయ్యి ఎత్తాను, అది నువ్వు చూశావా అని అడిగాను. ఈ సంగతి నేను మా ఆవిడకు కూడా చెప్పలేదు.

"సూసాను సార్," అంది. "అందుకే దిగీసినాను."

కోపంగా అనలేదు. ఓదార్పుగానూ అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను సర్టిఫికెట్టు నింపి, పేరులో అక్షరాలు ఒకటికి రెండుసార్లు చూసి, హెడ్‌మాస్టారి సంతకం కోసం లోపలికి పంపాను. పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది. సాలూరు బస్సుకు ఇంకా టైము ఉందని, ఆమె వరండాలో కూర్చుని తెచ్చుకున్న టిఫిను తిని వెళ్లింది.